చంద్రయాన్-2 ఆర్బిటర్ ఏం కనుక్కుందో లెక్క చెప్పండి: ఇస్రోకు బహిరంగ లేఖ

భారత అంతరిక్ష పరిశోధన సంస్థ అధ్యక్షులవారికి, చంద్రయాన్ ప్రాజెక్టుల్లో పనిచేసిన, చేస్తున్న శాస్త్రవేత్తలందరికీ నమస్కారాలు.

నేను నెల్లూరు జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతున్నాను. శ్రీహరికోట మాకు దూరం కాదు. రాకెట్ ప్రయోగం ఉన్న రోజు మా వీధిలో జనం డాబాలెక్కి దక్షిణం వైపు చూస్తూ నిలబడతారు. పిల్లలకు రాకెట్ల పేర్లు నోటికి వచ్చు. అలాంటి చోటి నుంచి రాస్తున్నాను కాబట్టి, ఈ లేఖలో ఉన్నది అభిమానమే అని మీరు నమ్మాలి.

నేను మాట్లాడదలచుకున్నది చంద్రయాన్-2 ఆర్బిటర్ గురించి. 2019 జులై 22న శ్రీహరికోటలోని షార్ నుంచి బయల్దేరి, ఆగస్టు 20న చంద్రుడి కక్ష్యలోకి చేరింది. తర్వాత వంద కిలోమీటర్ల ఎత్తున, ధ్రువాల మీదుగా, సుమారు రెండు గంటలకొకసారి చంద్రుణ్ని చుట్టి వచ్చే పనిలో పడింది. ఏడాది పనిచేస్తే చాలని పంపిన నౌక అది. ప్రయోగమూ ఆ తర్వాతి కక్ష్య మార్పులూ అంత కచ్చితంగా కుదరడంతో ఇంధనం మిగిలింది. దాదాపు ఏడేళ్లు పనిచేయగలదని 2019లోనే మీరు ప్రకటించారు. ఆ ఏడేళ్లు 2026తో నిండుతాయి.

అందుకే ఇప్పుడు అడుగుతున్నాను. ఈ ఆర్బిటర్‌ను ఏయే ప్రశ్నలకు జవాబు వెతకమని పంపారో ఆ ప్రశ్నలన్నీ రాయండి. దేనికి జవాబు దొరికింది, దేనికి సగమే దొరికింది, దేనికి ఇంకా దొరకలేదు అన్నది తెలుగులోనూ మిగతా భారతీయ భాషల్లోనూ జనం ముందు పెట్టండి.

ఇది ఎందుకు అవసరమో మా క్లాసులో ఒక పూట కూర్చుంటే తెలుస్తుంది. చంద్రయాన్ ప్రస్తావన వస్తే పిల్లలు ఠక్కున చెప్పే మాట ఒకటుంది: ఒకటి నీళ్లు కనిపెట్టింది, రెండు ఫెయిలైంది, మూడు దిగింది. ఎనిమిది పరికరాలతో ఇన్నేళ్లు పనిచేసిన నౌక వాళ్ల లెక్కలో ఫెయిలైన నౌక. పిల్లలనేం అనలేం. 2019 సెప్టెంబరు 7 తెల్లవారుజామున, ఆర్బిటర్‌తోపాటు వెళ్లి చంద్రుడి మీద దిగాల్సిన విక్రమ్ ల్యాండర్‌తో సంబంధాలు తెగిపోయిన క్షణం దేశమంతా టీవీల్లో చూసింది. ఆర్బిటర్ చేసిన పనిని చూపించడానికి అలాంటి క్షణం ఒక్కటీ లేదు. 978 కోట్ల రూపాయలు బూడిదలో పోసిన పన్నీరైందని అన్నవాళ్లూ ఉన్నారు.

అదే రోజు మీ సంస్థ ఒక ప్రకటన ఇచ్చింది. ప్రతి దశకూ విజయ ప్రమాణాలు ముందే పెట్టుకున్నామని, మిషన్ లక్ష్యాల్లో 90 నుంచి 95 శాతం నెరవేరాయని అందులో చెప్పారు. ఆ మాట మీద చాలామంది ఎగతాళి చేశారు, నాకు బాధ కలిగింది. కానీ ఒక ఫిజిక్స్ టీచరుగా నాకూ ఒక సందేహం మిగిలింది. అప్పటికి ఆర్బిటర్ చంద్రుడి దగ్గరకు చేరి మూడు వారాలు కూడా కాలేదు, శాస్త్ర పరిశీలనలు అసలు ఊపందుకోనే లేదు. కాబట్టి ఆ శాతం ప్రయోగం, కక్ష్య మార్పులు, ల్యాండర్ విడిపోవడం వంటి ఇంజినీరింగ్ దశల లెక్క అయి ఉండాలి. ఇంజినీరుకు ఆ లెక్క సరైనదే. సైన్సు లెక్క మాత్రం శాతాల్లో ఇమడదు. ఫలానా ప్రశ్న అడిగాం, ఫలానా జవాబు వచ్చింది అని చెబితేనే అది లెక్క. ఆ రెండో లెక్క మామూలు జనం దాకా రాలేదు. ఆ ఖాళీలోకే ఫెయిల్ అన్న మాట వచ్చి కూర్చుంది.

ఆ లెక్క ఎంత గొప్పగా ఉండగలదో, ఒక ప్రశ్న తీసుకుని నేనే చెప్పి చూస్తాను. నీళ్ల సంగతే తీసుకుందాం.

చంద్రయాన్-1 మీద నాసా పంపిన ఎం-త్రీ అనే పరికరం ఉండేది. చంద్రుడి నేల మీద పడి తిరిగివచ్చే సూర్యకాంతిని అది తరంగదైర్ఘ్యాల వారీగా విడదీసి చూసేది. మూడు మైక్రాన్ల దగ్గర (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కాంతి కొంచెం తగ్గి కనబడింది. ఆ చోట కాంతిని మింగేది ఆక్సిజన్, హైడ్రోజన్ల బంధం. ఆ సంగతి 2009 సెప్టెంబరులో ప్రకటించగానే ప్రపంచమంతా మారుమోగింది. అయితే ఒక చిక్కుంది. ఆ బంధం నీటిలోనూ ఉంటుంది, ఖనిజాలకు అతుక్కున్న హైడ్రాక్సిల్‌లోనూ, అంటే ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ మాత్రమే ఉన్న జంటలోనూ ఉంటుంది. రెండింటినీ వేరు చేయాలంటే మూడు మైక్రాన్లు దాటి ఇంకా ముందుకు చూడాలి. ఎం-త్రీ చూపు సరిగ్గా మూడు దగ్గరే ఆగిపోయేది. ఇంకో చిక్కు వేడి. మధ్యాహ్నం పూట చంద్రుడి నేల నూరు డిగ్రీలు దాటి కాలుతుంది, కాలే నేల తనే పరారుణ కాంతిని విడుదల చేస్తుంది. ఆ కాంతి వచ్చి ఈ చిన్న తగ్గుదలను పూడ్చేస్తుంది. దాంతో మధ్యాహ్నం నీటి జాడ నిజంగానే తగ్గుతోందా, లేక వేడి వల్ల మనకు కనబడకుండా పోతోందా అని ఏళ్ల తరబడి వాదన నడిచింది.

చంద్రయాన్-2 మీద అహ్మదాబాద్‌లోని స్పేస్ అప్లికేషన్స్ సెంటర్ తయారుచేసిన ఐఐఆర్ఎస్ అనే పరారుణ కాంతి పరికరం ఉంది. దాని చూపు 0.8 నుంచి 5 మైక్రాన్ల దాకా సాగుతుంది. మూడు మైక్రాన్ల తగ్గుదలను అది ఈ చివర నుంచి ఆ చివర దాకా పూర్తిగా చూడగలదు. నాలుగు, ఐదు మైక్రాన్ల దగ్గర నేల వేడి ఎంతో కొలిచి, ఆ వేడి కలిపిన కాంతిని లెక్కగట్టి తీసేయగలదు. పాత వాదన ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడికి గురిపెట్టిన పరికరం ఇది. 2021లో మన శాస్త్రవేత్తలు దీని సమాచారంతో ఉత్తరార్ధగోళంలోని కొన్ని ప్రాంతాల్లో హైడ్రాక్సిల్‌నూ నీటినీ విడివిడిగా గుర్తించినట్టు ప్రచురించారు. ముందు పంపిన నౌక ఎక్కడ తడబడిందో చూసుకుని, తర్వాతి నౌకలో దాన్ని సరిచేసుకుని, జవాబు రాబట్టారు. ఇంతకంటే మంచి సైన్సు పాఠం నేను పిల్లలకు ఏం చెప్పగలను?

ఇంకో మాట. ఇదే నీటి ప్రశ్న కోసం నాసా 2025 ఫిబ్రవరిలో లూనార్ ట్రెయిల్‌బ్లేజర్ అనే ఆర్బిటర్‌ను పంపింది. ప్రయోగం జరిగిన మర్నాడే దానితో సంబంధాలు పోయాయి, జులై చివర ఆ మిషన్‌ను ముగించారు. ఆ లోటు వల్ల ఐఐఆర్ఎస్ సేకరించిన ప్రతి కొలతకూ విలువ పెరిగింది. చంద్రుడి మీద ఎంత భాగాన్ని ఆ పరికరం చూసింది, అందులో ఎంత విశ్లేషించారు, ఇంకెంత మిగిలి ఉంది? ఈ మూడు ముక్కలు నాకు మీ లెక్కలో కావాలి.

ధ్రువాల దగ్గరి మంచు ప్రశ్న ఇంత సుఖంగా తేలలేదు. తేలలేదని చెప్పడం కూడా లెక్కలో భాగమే కాబట్టి దాన్నీ ప్రస్తావిస్తున్నాను. అక్కడ సూర్యుడి వెలుగు ఎన్నడూ పడని గోతులున్నాయి, కొన్నింటి అడుగున చలి మైనస్ 240 డిగ్రీలకు దగ్గరగా ఉంటుంది. చీకట్లో కెమెరా పనిచేయదు, రాడార్ పనిచేస్తుంది. చంద్రయాన్-1 మీది మినీ-సార్ రాడార్ ఉత్తర ధ్రువం దగ్గర నలభైకి పైగా గోతుల్లో మంచు లక్షణాలున్న ప్రతిధ్వనిని పట్టింది. అది మంచే అయితే కనీసం 60 కోట్ల టన్నులు ఉండొచ్చని 2010లో అంచనా వేశారు. చిక్కంతా ఆ ‘అయితే’ దగ్గరే ఉంది. బండరాళ్లు చెల్లాచెదురుగా పడివున్న నేల కూడా రాడార్‌కు దాదాపు అలాగే బదులిస్తుంది. అందుకని చంద్రయాన్-2లో రెండు తరంగదైర్ఘ్యాల రాడార్ పెట్టారు. ఒకటి పాతదానిలాగే ఎస్-బ్యాండ్. రెండోది అంతకంటే పొడవైన తరంగాల ఎల్-బ్యాండ్, ఇది నేలలోకి కొన్ని మీటర్ల దాకా దిగి చూస్తుంది. తరంగం ఏ దిశలో ఊగుతూ వెనక్కి వచ్చిందో పూర్తిగా నమోదు చేసే ఎల్-బ్యాండ్ రాడార్ చంద్రుడి చుట్టూ తిరగడం అదే మొదలు. మరి ఏ గోతిలో మంచు ఉండే అవకాశం ఎక్కువ, ఎక్కడ అది ఉత్త రాళ్ల గుట్ట? ఈ ప్రశ్నకు మీ దగ్గరున్న జవాబు ఎంత గట్టిదో, ఎక్కడ అనుమానం మిగిలిందో అలాగే చెప్పండి. జపాన్‌తో కలిసి దక్షిణ ధ్రువం దగ్గర నీటిని వెతకడానికి చంద్రయాన్-5 తయారవుతున్న ఈ సమయంలో, రోవర్ ఎక్కడికి వెళ్లబోతోందో, ఎందుకు అక్కడికో తెలుసుకోవాలని మాకు మాత్రం ఉండదా?

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఎక్స్-కిరణాలను కొలిచే ‘క్లాస్’ అనే పరికరం. బెంగళూరులోని యు.ఆర్. రావు ఉపగ్రహ కేంద్రం చేసింది. దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, మన్నించండి.

సూర్యుడి నుంచి వచ్చే ఎక్స్-కిరణాలు చంద్రుడి నేలకు తగిలితే, అక్కడి మూలకాలు తమ తమ సొంత ఎక్స్-కిరణాలను వెదజల్లుతాయి. మెగ్నీషియానికి ఒక శక్తి, అల్యూమినియానికి ఒక శక్తి, ఇనుముకు ఇంకొకటి. వాటిని కొలిస్తే వంద కిలోమీటర్ల ఎత్తు నుంచే కింద ఏ రాయి ఉందో చెప్పొచ్చు. మీ ప్రదాన్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుంటే ఈ సమాచారం ఉచితంగా దొరుకుతుంది. మా మూడో సంవత్సరం పిల్లలతో కలిసి ఆ ఫైళ్లు తెరిచాం. ఎనిమిది సెకన్లకొక ఫైలు, ఒక్కోటి పన్నెండున్నర కిలోమీటర్ల చదరం నేలకు సంబంధించింది. సూర్యుడు ప్రశాంతంగా ఉన్న రోజు ఫైలు తెరిస్తే గ్రాఫులో చెప్పుకోదగ్గది ఏమీ లేదు, పిల్లల ముఖాలు వాడిపోయాయి. తర్వాత పెద్ద సౌర జ్వాల, అంటే సూర్యుడి ఎక్స్-కిరణాలు ఒక్కసారిగా పెరిగే విస్ఫోటం, వచ్చిన సమయం నాటి ఫైలు తెరిచాం. 1.25, 1.49, 1.74 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి దగ్గర మూడు శిఖరాలు ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డాయి: మెగ్నీషియం, అల్యూమినియం, సిలికాన్. కుడివైపు 3.7 దగ్గర కాల్షియం. ఇంకా కుడికి, 6.4 దగ్గర, చిన్నగా ఇనుము. జ్వాల బలంగా ఉంటే తప్ప ఇనుము తల ఎత్తదు. టెక్స్ట్‌బుక్‌లో ఎక్స్-కిరణాల వర్ణపటం బొమ్మ గీసి మార్కులు తెచ్చుకునే అమ్మాయి ఒకతె స్క్రీన్ దగ్గరకు వచ్చి, ‘సార్, ఇది నిజంగా చంద్రుడి మీది ఇనుమేనా?’ అని అడిగింది. నిజంగానే అన్నాను. ఆ పీరియడ్ అయిపోయినా ఎవరూ లేవలేదు.

చందమామలో మనకు కుందేలులా కనబడే నల్ల మచ్చలు ఇనుము, మెగ్నీషియం ఎక్కువున్న లావా మైదానాలు. చుట్టూ తెల్లగా మెరిసే ఎత్తు ప్రాంతాల్లో అల్యూమినియం, కాల్షియం ఎక్కువ. పుట్టిన కొత్తలో చంద్రుడు కరిగిన శిలాసముద్రమని, తేలికైన ఖనిజాలు పైకి తేలి గట్టిపడి ఆ తెల్ల నేల అయిందని ఒక సిద్ధాంతం ఉంది. దాన్ని పరీక్షించాలంటే ఏ మూలకం ఎక్కడ ఎంత ఉందో చంద్రుడంతటా తెలియాలి. చంద్రయాన్-3 రోవర్ ప్రజ్ఞాన్ దిగిన చోట నేలను కొలిచి, 2024లో ఆ సిద్ధాంతానికి బలం చేకూర్చింది. కానీ రోవర్ తిరిగింది వంద మీటర్ల చుట్టుపక్కలే. చంద్రుడంతటికీ పటం గీయడం ఆర్బిటర్ వంతు. సోడియం విషయంలో అది జరిగింది కూడా. క్లాస్ సమాచారంతో చంద్రుడి మీద సోడియం విస్తారంగా ఎక్కడెక్కడ ఉందో మొదటిసారిగా పటం గీసి 2022లో ప్రచురించారు.

ఇక్కడ కాలం సంగతి చెప్పాలి. చంద్రయాన్-1 మీదా ఇలాంటి పరికరమే ఉండేది, కానీ 2008-09లో సూర్యుడు బాగా నిద్రాణంగా ఉన్నాడు, జ్వాలలు అరుదు. పైగా ఆ నౌక రెండేళ్లు అనుకున్నది పది నెలలకే మూగబోయింది. చంద్రయాన్-2 వెళ్లిన 2019లోనూ సూర్యుడు అలాగే మందకొడిగా ఉన్నాడు. ఏడాదితో పని ముగిసి ఉంటే క్లాస్‌కూ పెద్దగా ఏమీ దక్కేది కాదు. నౌక బతికింది, సూర్యుడు లేచాడు, సూర్యుడి చురుకుదనం పెరిగి తగ్గే సౌర చక్రం 2024లో ఉచ్ఛస్థితికి చేరింది, క్లాస్‌కు పంట పండింది. సూర్యుడు మందంగా ఉన్న ఆ తొలి రోజులు కూడా వృథా పోలేదు. సూర్యుణ్ని నేరుగా చూసే ఎక్స్ఎస్ఎం పరికరం, ఏ జ్వాలా లేదనుకున్న ప్రశాంత సూర్యుడి మీద వందకు దగ్గరగా అతి చిన్న జ్వాలలను పట్టుకుంది. ల్యాండర్ కూలిన మిషన్ అని జనం మరిచిపోయిన నౌక, ఆ మరుపులోనే ఇంత పని చేసింది.

తిరువనంతపురంలో తయారైన చేస్-2 అనే పరికరం చంద్రుడి పలచని వాయుపొరలో ఆర్గాన్-40 అనే వాయువు ఎలా పరుచుకుందో, అంతకుముందు ఎవరూ కొలవని మధ్య అక్షాంశాల దాకా కొలిచింది. చంద్రుడి లోపలి పొటాషియం కొద్దికొద్దిగా క్షీణించి ఆ వాయువై, పగుళ్ల గుండా బయటికి వస్తుంది. చంద్రుడి కడుపులో ఏం జరుగుతోందో పైనుంచి చెప్పే ఆనవాలు అది. పావు మీటరు వస్తువును కూడా చూడగల ఓహెచ్ఆర్‌సీ కెమెరా గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. అది తీసిన ఫొటోలతోనే చంద్రయాన్-3 దిగడానికి నాలుగు కిలోమీటర్ల పొడవు, సుమారు రెండున్నర వెడల్పు గల సురక్షితమైన నేలను ఎంచారు. 2023 ఆగస్టు 23 సాయంత్రం దేశం చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లలో కొన్ని ఆర్బిటర్‌కు చెందాలి.

ఇవన్నీ మీరు ప్రచురించలేదని నేననడం లేదు. 2020 డిసెంబరు నుంచి సమాచారాన్ని విడుదల చేస్తూనే ఉన్నారు. 2021 సెప్టెంబరులో రెండేళ్లు నిండిన సందర్భంగా వర్క్‌షాప్ పెట్టి ఫలితాలు వివరించారు. ఆ మాటలు శాస్త్రవేత్తల కోసం. నేను అడుగుతున్నది పత్రికలు చదివేవాళ్ల కోసం, ఇంటర్ పిల్లల కోసం, హైస్కూలు సైన్సు టీచర్ల కోసం. వంద పేజీలు చాలు. ఒక్కో పరికరం దగ్గర ముందు ప్రశ్న ఉండాలి. ఆ ప్రశ్న ఎందుకు పుట్టిందో, పరికరం దాన్ని ఎలా పట్టుకుందో, ఏం దొరికిందో చెప్పాలి. దొరకనివాటిని దాచొద్దు. ధ్రువాల మంచు ఇంకా తేలలేదంటే మా పిల్లలు నిరుత్సాహపడరు. తేల్చడానికి తమకో వంతు మిగిలిందని సంతోషిస్తారు. తెలుగు ప్రతి రాయడానికి మా రాష్ట్రాల్లో ఫిజిక్స్ చెప్పేవాళ్లం కావలసినంత మందిమి ఉన్నాం, సైన్సు రాసే రచయితలూ ఉన్నారు. అడిగితే జీతం లేకుండా చేస్తాం.

ముందు ముందు వెళ్లేవాటికి కూడా ఇదే పద్ధతి పెట్టండి. చంద్రుడి మట్టిని తెచ్చే చంద్రయాన్-4కు 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం 2,104 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ఆ మట్టి తెచ్చి ఏ ప్రశ్న అడగబోతున్నారో ప్రయోగానికి ముందే చెప్పండి. ఎక్కడి మట్టి, దాని వయసు ఎలా కొలుస్తారు, ఏ ల్యాబులో? ముందే తెలిస్తే, రేపు ఏదో ఒక దశలో అవాంతరం వచ్చినా ఏం పోయిందో, ఏం మిగిలిందో జనం తామే బేరీజు వేసుకుంటారు. 2019లో ఆ అవకాశం మాకు లేకపోయింది.

చివరిగా ఆర్బిటర్ ముగింపు గురించి. చంద్రుడి గురుత్వం అంతటా ఒకేలా ఉండదు. కొన్నిచోట్ల నేల కింద బరువైన రాయి పోగుపడి ఉండటంతో తక్కువ ఎత్తు కక్ష్యలు నిలకడగా ఉండవు, ఇంధనంతో సరిదిద్దుతూ ఉండాల్సిందే. ఇంధనం అయిపోయిన తర్వాత నౌక కిందికి దిగి ఎక్కడో కూలుతుంది. ఇంకా ఎంత ఇంధనం ఉందో, ముగింపు ఎలా ఉండాలని అనుకుంటున్నారో ముందుగా ప్రకటించండి. ఆ చివరి నెలల్లో ఓహెచ్ఆర్‌సీ, రాడార్ ఏ ప్రాంతాలను చూడాలో విశ్వవిద్యాలయాల నుంచి, కాలేజీల నుంచి సూచనలు అడగండి. అందులో పది చోట్లయినా విద్యార్థులు ఎంచుకున్నవి ఉండనివ్వండి. ఏ ప్రశ్న కోసం ఆ చోటు ఎంచారో వాళ్లు రాసి పంపాలని షరతు పెట్టండి.

ఆగస్టు 23ను జాతీయ అంతరిక్ష దినోత్సవంగా జరుపుతున్నారు. మా కాలేజీలోనూ క్విజ్ పెడతాం, బొమ్మలు గీయిస్తాం. వచ్చే ఆగస్టు 23 నాటికి ఆర్బిటర్ లెక్కను తెలుగులో విడుదల చేస్తే, ఆ రోజు మా ఆడిటోరియంలో పిల్లలతో దాన్ని చదివించి, ఒక్కో ప్రశ్న మీద చర్చ పెట్టిస్తాను. చర్చలో తేలని సందేహాలన్నీ రాసి మీకు పంపిస్తాం. వాటికి జవాబివ్వడానికి ఒక శాస్త్రవేత్తను కేటాయించమని కూడా ఈ లేఖలోనే అడుగుతున్నాను.

ఇట్లు
నెల్లూరు జిల్లా నుంచి ఒక ఫిజిక్స్ అధ్యాపకుడు